కోడిలో ఏ ముక్క కొనాలి: కుక్కకు, పిల్లికి ఇంట్లో పచ్చి ఆహారం చేసుకునేవారికి

మా కుక్కకు ఇంట్లోనే పచ్చి మాంసం పెట్టడం మొదలుపెట్టిన వారం నేను కొన్నవి ఐదు కిలోల కోడి మెడలు. వేరే ఆలోచనేమీ లేదు, ఉన్నవాటిలో అవే చవక. మూడోనాటికి కుక్క వెన్ను వంచి, కుంగి, వణుకుతూ చాలాసేపు నిలబడింది. చివరికి వచ్చింది సుద్దముక్కలా తెల్లగా ఉంది. చెప్పుతో తొక్కితే పొడి అయింది. మెడలు ఎందుకంత చవకో అప్పుడు తెలిసింది. వాటి తూకంలో మూడో వంతుకు పైగా ఎముకే. నేను మాంసం కొన్నాననుకున్నాను గానీ కొన్నది సున్నం.

ఆ దెబ్బతో కిలో ధర చూసి కొనడం మానేశాను. పచ్చి ఆహారంలో ఎముక కావాలి, కానీ కొంచెమే కావాలి. ఆ కొంచెం ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చూసి దాన్ని అక్కడ కొనుక్కుని, మిగిలిన డబ్బంతా మాంసం మీద పెట్టాలి. కింద ఉన్న పోలికలన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూ తిరిగేవే.

ముందు తేల్చుకోవలసింది: పచ్చిగానా, ఉడికించా

ముక్కల సంగతికి వెళ్లేలోపు ఇది తేలాలి, ఎందుకంటే జవాబును బట్టి కొనే ముక్కే మారిపోతుంది. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ క్రిములు కనిపించడం అరుదేమీ కాదు. ఫ్రీజర్‌లో పెడితే చస్తాయని చాలామంది ధీమా. చావవు. కాంపైలోబాక్టర్ సంఖ్య కొంత తగ్గుతుంది, సాల్మొనెల్లా మాత్రం చలిలో ముడుచుకుని కూర్చుని, మంచు కరగగానే మళ్లీ లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఏ జబ్బూ పడకుండానే ఆ క్రిములను మలంలో, నోటి చొంగలో మోసుకు తిరుగుతుంది. అదే నోటితో పిల్లల మొహం నాకుతుంది. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012లోనే, క్రిములను చంపే ప్రక్రియ ఏదీ జరగని మాంసాన్ని కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని విధానంగా ఆమోదించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతులు మరో రెండున్నాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటి. కుక్కల వెనుక కాళ్లు ముందుగా చచ్చుబడి, తరువాత ఒళ్లంతా పట్టు తప్పే నరాల జబ్బు ఒకటుంది, దాని పేరు అక్యూట్ పాలీరాడిక్యులోన్యూరైటిస్. ఆ జబ్బు పడిన కుక్కల్లో కాంపైలోబాక్టర్ ఉండే అవకాశం మిగతా కుక్కలకంటే 9 రెట్లకు పైగా ఎక్కువని వాళ్లు గమనించారు. ఆ క్రిమి పచ్చి కోడిమాంసం నుంచి, ముఖ్యంగా మెడల నుంచి వచ్చి ఉండవచ్చని అనుమానించారు. రెండోది బర్డ్ ఫ్లూ. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో, ఇల్లు దాటని ఒక పిల్లి హెచ్5ఎన్1 సోకి చనిపోయింది. అది తిన్న పచ్చి టర్కీ కోడి మాంసపు ఆహారంలోని వైరస్, దాని ఒంట్లోని వైరస్ జన్యుపరంగా ఒకటేనని పరీక్షల్లో తేలింది. ఆ ఆహారం ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అమ్మినదే. పిల్లులు ఈ వైరస్‌కు చాలా తేలిగ్గా లొంగిపోతాయి.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, కీమోథెరపీ వంటి చికిత్సలో ఉన్నవారు ఉంటే పచ్చి మాంసం జోలికి వెళ్లవద్దు. మీ చుట్టుపక్కల పక్షుల్లో బర్డ్ ఫ్లూ వార్త వినిపిస్తుంటే కూడా వద్దు. ఆ రోజుల్లో నేను పిల్లి గిన్నెలోకి పచ్చి ముక్క వేయను. ఎముక లేని మాంసాన్ని లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ చేరేలా ఉడికించి, దిగిన రసాన్ని పారబోయకుండా అందులోనే కలిపి, ఎముక బదులు గుడ్డు పెంకు పొడి వేస్తే సరిపోతుంది. జంతువుల పోషకాహార నిపుణుడు రాసిచ్చిన కొలతలతో చేసిన ఉడికించిన ఆహారం పచ్చి ఆహారానికి ఏ విధంగానూ తక్కువ కాదు. ఒక్కటి మాత్రం మరవకూడదు: ఉడికిన ఎముకను ఎన్నడూ పెట్టకూడదు. పచ్చి ఎముక నలుగుతుంది, ఉడికినది సూదుల్లా చీలుతుంది.

ఇదంతా విన్నాక కూడా పచ్చిగానే పెట్టాలని నిర్ణయించుకున్నవారికి మిగతా వ్యాసం. ఉడికించేవారు ఎముక లెక్క వదిలేసి మాంసం గురించి చెప్పిన భాగాలు చూసుకోవచ్చు.

లెక్క

పచ్చి ఆహారం పెట్టేవారిలో బాగా వాడుకలో ఉన్న కొలత ఇది: నూటికి 80 పాళ్లు మాంసం, 10 పాళ్లు తినదగిన ఎముక, 5 పాళ్లు కాలేయం అంటే కార్జం, 5 పాళ్లు మూత్రపిండం వంటి మరో గ్రంథి. ఎముక ఎందుకంటే, ఒట్టి మాంసంలో ఫాస్ఫరస్ నిండుగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. తూకం తప్పితే శరీరం తన సొంత ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ఎదిగే కుక్కపిల్లల్లో, పిల్లికూనల్లో కాళ్లు వంకర తిరుగుతాయి. ఎముక మరీ ఎక్కువైతే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను.

కోడి భాగాల్లో ఎముక సుమారుగా ఇలా ఉంటుంది. కాళ్ల పంజాల్లో 60 శాతం. రెక్కల్లో 46. వీపు ముక్కలో 44. మెడలో, తోలుతో తూస్తే, 36. ములక్కాడ ముక్క అంటారే, ఆ కింది కాలిలో 33. తలా పంజాలూ తీసేసిన మొత్తం కోడిలో 30 దాకా. తొడా కాలూ కలిసిన ముక్కలో 27. ఒక్క తొడలో 21. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటే చాలు, సగం పొరపాట్లు తప్పుతాయి.

ఇప్పుడు దీన్ని తిప్పి చదవండి. కిలో రెక్కల్లో 460 గ్రాముల ఎముక ఉంది. ఆ ఎముక 4.6 కిలోల ఆహారానికి సరిపోతుంది. అంటే కిలో రెక్కలు కొంటే, దానికి తోడు 3.6 కిలోల ఎముక లేని సరుకు కలపాలి, అందులో 460 గ్రాములు గ్రంథులు. కిలో మొత్తం కోడి 3 కిలోల ఆహారానికి ఎముక ఇస్తుంది. కిలో తొడలైతే 2.1 కిలోలకు. రెక్కలు, మెడలు చవకగా కనిపించినా వాటితో పాటు కొనవలసిన మాంసాన్ని కలిపి చూస్తే గానీ అసలు ఖర్చు తెలియదు. మూడు రకాల ధరలు కాగితం మీద వేసి, 10 కిలోల మిశ్రమానికి మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టి చూడండి. కిలో ధరలో గెలిచిన ముక్క ఈ లెక్కలో ఓడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే

ఒక్క ముక్కే కొనే వీలుంటే నేను కొనేది ఎముకతో ఉన్న తొడలు. తొడ కండ ముదురు రంగుది. టారిన్ అనే పోషకం తెల్లని రొమ్ము మాంసంలోకంటే ఇందులో ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లులకు ఇది ప్రాణాధారం. టారిన్ లోపిస్తే వాటి గుండె కండరాలు సాగిపోయి బలహీనపడతాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 1987లో నిరూపించారు. పిల్లి శరీరం టారిన్‌ను తనకు చాలినంత తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

తొడల్లో మరో సౌలభ్యం ఉంది, దీన్ని నేను బద్ధకస్తుల సూత్రం అంటాను. రెండు కిలోల తొడలు తీసుకోండి. సగం తొడల ఎముక ఊడదీయండి, అది 210 గ్రాముల దాకా వస్తుంది. ఆ ఖాళీలో 100 గ్రాముల కార్జం, 100 గ్రాముల మూత్రపిండం వేయండి. మొత్తం మళ్లీ రెండు కిలోలకు చేరువలో ఉంటుంది, ఎముక పది శాతానికి ఇంచుమించు సమానం. వేరే మాంసం వెతకనక్కర్లేదు, త్రాసు ఒక్కటి చాలు.

మొత్తం కోడి కొనడం రెండో మార్గం. కత్తి పట్టే ఓపిక ఉంటే చాలాచోట్ల ఇదే చవక పడుతుంది. కోసే పని అమ్మేవారు చేయలేదు కాబట్టి ఆ కూలి మీకే మిగులుతుంది. పైగా ఇందులో కొసరు ఒకటుంది. కోడిని వెల్లకిలా పెట్టి పొట్ట తెరిచి, వీపు లోపలివైపు చూడండి. వెన్నెముకకు ఇరువైపులా గుంటల్లో ముదురు ఎరుపు రంగులో, మెత్తగా, జిగటగా అతుక్కుని ఉన్నవి మూత్రపిండాలు. చిటికెన వేలితో గీస్తే ముక్కలుగా ఊడి వస్తాయి. విడిగా ఎవరూ అమ్మరు గానీ, ఆ 5 పాళ్ల మరో గ్రంథిలో కొంత ఇక్కడే ఉంది. అలాగే కార్జానికి అంటుకుని ఆకుపచ్చని చిన్న తిత్తి ఉంటుంది. దాన్ని చిదపకుండా చుట్టూ కొంచెం కార్జంతో సహా కోసేయాలి. చిదిమితే ఆ చేదు అంటుకున్న ముక్కను పిల్లి వాసన చూసి వెనక్కి నడిచిపోతుంది.

రెక్కలు, మెడలు, వీపులు ఎముక కోసం కొనేవి. వాటిని భోజనంగా చూడకూడదు. వీపు, మెడ తోలుతో ఉంటే అందులోని తినే భాగంలో పావు వంతుకు పైగా కొవ్వే. పాంక్రియాస్ అనే జీర్ణ గ్రంథికి వాపు వచ్చే తత్వం ఉన్న కుక్కకు అది గండం. తోలు తీసేస్తే కొవ్వు తగ్గుతుంది, కానీ మెడలో ఎముక శాతం ఒక్కసారిగా పెరిగిపోతుంది, లెక్క మళ్లీ వేసుకోవాలి. ఆబగా తినే పెద్ద కుక్క మెడను నమలకుండా నిలువునా మింగేస్తుంది, గొంతులో అడ్డం పడుతుంది. మూడింటిలో నేను రెక్కలకు ఓటు వేస్తాను. ఎముకలు సన్నగా ఉంటాయి, చేతితో తిప్పే కీమా యంత్రంలోనూ నలుగుతాయి. మెల్‌బోర్న్ అధ్యయనం చదివాక మెడల మీద మనసు విరిగింది.

రొమ్ము మాంసం గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఖరీదు, కొవ్వు తక్కువ, టారిన్ తక్కువ. కొవ్వు పడని కుక్కకు తప్ప అవసరం లేదు. పంజాలు ఎముకా తోలే, గోళ్లు కత్తిరించి కుక్కకు అప్పుడప్పుడు ఒకటి నమలడానికి ఇవ్వవచ్చు.

గుండె, కందనకాయల సంగతి వేరు. చూడటానికి లోపలి భాగాలైనా ఈ లెక్కలో అవి మాంసమే, ఎందుకంటే రెండూ కండరాలు. ఎముక లేని సరుకులో ఇంతకంటే చవకైనది దొరకడం కష్టం. గుండెలో టారిన్ బాగా ఉంటుంది. పిల్లి ఆహారంలో మాంసం వాటాలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా గుండెలు వేయడం నా అలవాటు. కందనకాయలో కొవ్వు తక్కువ, నమిలే పని ఎక్కువ. శుభ్రం చేయనిదైతే నిలువునా చీల్చి, లోపలి ఇసుకా గింజలూ కడిగి, పసుపు పచ్చని గరుకు పొరను గోటితో పట్టి లాగేయాలి. మొదటి అంచు దొరికాక మిగతాది తొడుగులా ఊడి వస్తుంది.

కార్జం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు, చవక అని. 5 శాతం అంటే 5 శాతమే. కార్జంలో విటమిన్ ఎ కుప్పలుగా ఉంటుంది. నెలల తరబడి అతిగా తిన్న పిల్లికి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి తల తిప్పలేని స్థితి వస్తుంది. బాతు కార్జంలో విటమిన్ ఎ కోడి కార్జంలోకంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి దాన్ని అదే కొలతలో వేయకూడదు. మూత్రపిండం దొరకలేదని ఆ 5 పాళ్లు కూడా కార్జంతో నింపడం సరికాదు. మరో జంతువు మూత్రపిండమైనా పరవాలేదు, లేకపోతే ఆ వాటాను మాంసంతో నింపి, లోటు సంగతి పశువైద్యుడితో మాట్లాడండి.

ఏ పక్షి

ఆరేడు వారాల వయసులో కోసే బ్రాయిలర్ కోడి ఈ పనికి అన్నింటికంటే అనువైనది. ఎముక లేతగా ఉంటుంది, మోకాలి దగ్గర వంచితే వంగుతుంది. ధర అందుబాటులో ఉంటుంది.

గుడ్లు పెట్టడం అయిపోయాక అమ్మేసే లేయర్ కోళ్లు ఇంకా చవకగా దొరుకుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏడాదిన్నర, అంతకు పైబడిన వయసు, ఎముక గట్టిది. గుడ్డు పెంకుల కోసం ఒంట్లోని కాల్షియం తోడేసుకోవడం వల్ల పెళుసు కూడా. పగిలితే వాడి అంచులతో పగులుతుంది. మామూలు ఇంటి యంత్రం దీన్ని నలపలేక మొరాయిస్తుంది. పొట్టలో పసుపు పచ్చని కొవ్వు ముద్దలు, ఒక్కోసారి ద్రాక్ష గుత్తిలా వరుసగా పెరుగుతున్న పచ్చసొనలు ఉంటాయి. సొనలు వాడుకోవచ్చు, కొవ్వు చాలావరకు తీసేయాలి. ఈ కోళ్లు పెద్దమొత్తంలో చవకగా వస్తే నేను మాంసం మాత్రం ఒలుచుకుని, ఎముక పారేసి, రెక్కల ఎముకతోనో గుడ్డు పెంకుతోనో లెక్క సరిచేస్తాను. ఇంటి పెరట్లో ఏళ్ల తరబడి పెరిగిన ముదురు కోడికీ ఇదే మాట.

టర్కీ తొడ మాంసంలో టారిన్ కోడి తొడలోకంటే కూడా ఎక్కువ. మాంసంగా బాగుంటుంది, ఎముక మాత్రం పెద్ద పక్షిది, బరువు మోసినది, పిల్లులకు వద్దు. బాతు తోలుతో కొంటే తినే భాగంలో మూడో వంతుకు పైగా కొవ్వు. కోడి పడక దురద పెట్టే కుక్కలకు మారుగా పనికొస్తుంది గానీ తోలు తీయకుండా పెట్టవద్దు. కౌజు పిట్టలు ముచ్చటైన తిండి, పిల్లి మొత్తం పిట్టను ఎముకతో సహా నమిలేస్తుంది. కానీ చవక గురించి మాట్లాడుకుంటున్నాం.

ఏ రూపంలో కొనాలి

సిద్ధంగా అమ్మే కీమా పని తగ్గిస్తుంది, అందుకే ఊరిస్తుంది. నేను దూరంగా ఉంటాను. మొత్తం ముక్కకు క్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి. కీమాలో ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. అందులో తోలు ఎంత, రొమ్ము ఎంత, ఎప్పుడు కొట్టారు అన్నది కంటికి తెలియదు. మీ ఎదురుగా కొట్టి ఇస్తే అది వేరే మాట, అప్పుడు కూడా యంత్రంలో ముందు ఏం పడిందో చూసుకోవాలి.

గడ్డకట్టించిన మాంసం తాజా మాంసానికి తీసిపోదు, చాలాసార్లు చవక కూడా. కానీ పొట్లం మీద రాసింది చదవాలి. బరువు పెరగడానికి, రసం నిలవడానికి ఉప్పునీరు ఎక్కించిన కోడి అమ్ముతుంటారు. మీరు కొంటున్నది కొంత నీరే, దాంతో పాటు ఉప్పు. మామూలు కోడిమాంసంలో 100 గ్రాములకు 70, 80 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పొట్లం మీద అంకె దీనికి రెండు మూడు రెట్లు కనిపిస్తే వదిలేయండి. మసాలా పట్టించిన ముక్కలు ఎంత తగ్గింపు ధరకొచ్చినా వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ రక్తకణాలను దెబ్బతీసే విషం.

గడువు దగ్గరపడి ధర తగ్గించిన సరుకు మనుషులకైతే ఆ పూటే బాగా ఉడికించుకుంటారు. పచ్చిగా పెట్టే తిండికి అది తగదు, దాన్ని ఉడికించే వంటలోకి మళ్లించండి. జబ్బు పడి చచ్చిన పక్షులను ‘జంతువులకే కదా’ అంటూ కారుచౌకగా ఇచ్చేవారు ఉంటారు. వాటిని ఉడికించే వంటలోకి కూడా తీసుకోవద్దు. చేతిలోకి తీసుకుంటే మాంసం జిగురుగా సాగితే, తొడ సందులో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే, పుల్లని వాసన వస్తే తిరిగి ఇచ్చేయండి.

యంత్రమా, కత్తా

ఒక చిన్న కుక్క కోసం యంత్రం కొనడం దండగ. పదునైన బరువైన కత్తి, పక్షి ఎముకలు కోసే కత్తెర చాలు, రెక్కలను కీళ్ల దగ్గర మూడుగా కోసి పెట్టవచ్చు. పిల్లికి ఎముకతో పెట్టాలంటే మాత్రం మెత్తగా నలపాలి. చేతితో తిప్పే యంత్రంలో బ్రాయిలర్ రెక్కలు, మెడలు నలుగుతాయి. తొడ ఎముక దగ్గర చెయ్యి ఆగిపోతుంది. విద్యుత్తు యంత్రం కొనేముందు ఎముక నలపవచ్చని తయారీదారు స్పష్టంగా రాశాడో లేదో చూడండి, చాలా వాటి వారంటీలో ఎముక వేస్తే చెల్లదనే ఉంటుంది. నెలకు ఐదారు కిలోలు మించని ఇంట్లో గుడ్డు పెంకు మార్గమే మేలని నాకనిపిస్తుంది. కడిగి, ఎండబెట్టి, ఓవెన్‌లో పది నిమిషాలు వేడిచేసి, పిండిలా పొడి చేయాలి. వేళ్ల మధ్య రాస్తే గరుకు తగలకూడదు. కిలో ఎముక లేని మాంసానికి దాదాపు 6 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీ చెంచా. యంత్రం ఖర్చు లేదు, పన్ను విరిగే భయం లేదు.

సిద్ధం చేసే రోజు

కోడిని కుళాయి కింద కడగవద్దు. నీటి తుంపరతో క్రిములు సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీదా పడతాయి, మాంసం మాత్రం శుభ్రం కాదు. తడి ఉంటే కాగితంతో అద్ది, ఆ కాగితం పారేయండి.

ముక్కలను సగం గడ్డకట్టేదాకా ఫ్రీజర్‌లో ఉంచి నలిపితే యంత్రం బ్లేడుకు తోలు చుట్టుకోదు, మాంసమూ వేడెక్కదు. ఎముకతో నలిపేటప్పుడు పిల్లికి 4, 5 మిల్లీమీటర్ల రంధ్రాల పళ్లెం పెట్టండి. మొదటి పిడికెడు బయటికి రాగానే ఆపి, వేళ్లతో పరచి చూడండి, సూదిలా గుచ్చుకునేది ఏదైనా తగిలితే మళ్లీ ఒకసారి యంత్రంలో వేయాలి. గిన్నె అడుగున నిలిచిన ఎర్రటి రసాన్ని పారబోయవద్దు, టారిన్ నీటిలో కరిగేది, అందులోకి దిగి ఉంటుంది. అంతా కలిపాక పిల్లి వాటాకు పశువైద్యుడు చెప్పిన మోతాదులో టారిన్ పొడి విడిగా వేయడం మంచిది. నలపడం, గడ్డకట్టించడం, కరిగించడం, ఈ మూడింటిలో ఎంత పోతుందో ఇంట్లో కొలవలేం.

ఇక్కడే ఒక హెచ్చరిక. 80, 10, 5, 5 అన్నది ఎముకల గూడు లాంటిది, దాంతో ఒళ్లు పూర్తికాదు. కోడిమాంసం ఒక్కదానితో మాంగనీసు, జింకు, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి, ఒమేగా-3 కొవ్వులు చాలవు. డేవిస్ శాఖ పరిశోధకులు 2013లో కుక్కల కోసం ప్రచారంలో ఉన్న 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్య పోషకం కొరవడింది. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. కాబట్టి మీ లెక్కను జంతువుల పోషకాహార నిపుణుడికి ఒకసారి చూపించి, కలపవలసిన పొడులు రాయించుకోండి. పెద్ద జాతి కుక్కపిల్లల విషయంలో ఇది తప్పనిసరి, కాల్షియం అటూ ఇటూ అయితే వాటి కీళ్లు ఎదుగుతూనే చెడిపోతాయి.

పూటకొక పొట్లంగా, బొటనవేలి మందంలో పలచగా పరచి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర పెట్టండి. పలచని పొట్లం త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. తేదీ రాయండి. నలిపిన మాంసం మూడు నాలుగు నెలల్లో, ముక్కలు తొమ్మిది నెలల్లో అయిపోవాలి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, అడుగు అరలో, గిన్నెలో పెట్టి. కరిగినది రెండు రోజుల్లో వాడేయాలి. కుక్క గిన్నెలో అరగంట దాటి మిగిలింది చెత్తబుట్టకే. బల్ల, కత్తి, యంత్రం భాగాలు ముందు సబ్బుతో, తరువాత పలచని బ్లీచు నీటితో. పలక విడిగా ఉంచుకోండి, కూరగాయలకు వాడేది వద్దు.

ఎదిగిన కుక్కకు రోజుకు ఒంటి బరువులో 2 నుంచి 3 శాతం, పిల్లికి 2 నుంచి 4 శాతం. 20 కిలోల కుక్కకు అరకిలో, 4 కిలోల పిల్లికి 120 గ్రాములు అనుకుంటే, మొదట చెప్పిన కిలో కోడితో తయారైన 3 కిలోల మిశ్రమం కుక్కకు ఆరు రోజులు, పిల్లికి ఇరవై అయిదు రోజులు. ఈ లెక్క చూశాకే పిల్లి ఉన్న స్నేహితులకు నేను చౌక ముక్కల వేట మానేసి మంచి తొడలు కొనుక్కోమంటాను. నెలకు కొనేదే ఆ కొంచెం.

మార్పు నెమ్మదిగా జరగాలి, వారం పది రోజుల్లో పాత తిండి తగ్గిస్తూ కొత్తది పెంచాలి. కుక్క ఒక పూట అలిగి ఊరుకున్నా నష్టం లేదు. పిల్లిని మాత్రం ఆకలితో దారికి తెద్దామని చూడవద్దు, రెండు మూడు రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. తరువాత చూడవలసింది మలం. తెల్లగా, గట్టిగా, పొడిగా ఉంటే ఎముక తగ్గించాలి. నల్లగా జారుగా ఉంటే కార్జం ఎక్కువైంది. రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా, వెనుక కాళ్లు తడబడినా పశువైద్యుడి దగ్గరికి వెళ్లి, ఏం పెట్టారో దాచకుండా చెప్పండి. నేను ఆ రోజు మెడల సంగతి చెప్పడానికి సిగ్గుపడి, రెండో రోజు కూడా వెళ్లవలసి వచ్చింది.